నోటిమాట మీద కట్టిన మిద్దె: చివరి బాకీ ఆపడం న్యాయమేనా?

మంగళం రోడ్డు:

అందరికీ నమస్కారం. విషయం కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

తిరుపతిలో నాన్న కట్టించిన పాత ఇంటిమీద పోయినేడు పై అంతస్తు వేశాం. మేస్త్రీ కొత్తవాడేం కాదు, మా పిన్నమ్మ ఇల్లు కట్టింది ఆయనే. 950 చదరపు అడుగులు, అడుగుకు 400 చొప్పున కూలి గుత్త, సామాను మాది. మొత్తం 3,80,000. కాగితం రాసుకోలేదు. టెంకాయ కొట్టిన రోజు తమలపాకుల్లో 10,001 పెట్టి చేతికిచ్చాం, అదే అగ్రిమెంటు. తర్వాత ఎప్పుడెంత ఇచ్చానో మా పాప పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుంటూ వచ్చాను. దాని ప్రకారం ఇప్పటికి 3,00,000 ముట్టింది. ఈ లెక్కలో ఆయనకూ పేచీ లేదు.

గొడవ రెండు చోట్ల. నవంబరు వానలకు పడకగది మూలలో మిద్దె ఉరిసింది. లప్పం పొరలు పొరలుగా లేచింది, బీరువా వెనక గోడంతా నల్లబడింది. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లను పిలిస్తే 55,000 అడిగారు. ఇదొకటి. రెండోది, మేస్త్రీ తన 80,000 బాకీతో పాటు 'ఎక్‌స్ట్రా పని' అని ఇంకో 65,000 చెప్తున్నాడు. పిట్టగోడ ఎత్తు పెంచినందుకు 22,000, కింద సంపు కట్టినందుకు 28,000, బయటి మెట్లకు 15,000. చేయించుకున్న మాట నిజమే, రేటు మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. "చూసుకుందాంలే సార్" అన్నాడు, నేనూ సరే అన్నాను.

ఎందుకు ఉరుస్తోందని అడిగితే "స్లాబ్ వేశాక మీరు నీళ్లు సరిగా పట్టలేదు" అంటాడు. నాకు ఒళ్లు మండి మొత్తం 1,45,000 ఆపేశాను. ముందు మిద్దె బాగుచెయ్, తర్వాత డబ్బు మాట అన్నాను. అప్పట్నుంచి రోజూ పొద్దున ఆరున్నరకు వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. అరవడు, తిట్టడు, ఊరికే నిలబడతాడు. మొన్న మాత్రం "కాణిపాకం రండి సార్, కోనేట్లో మునిగి ఇద్దరం ప్రమాణం చేద్దాం" అన్నాడు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

నేను డబ్బు ఆపడం న్యాయమేనా? కేసు వేస్తే నిలుస్తుందా?

బేల్దారి కొడుకు:

న్యాయమా అని అడిగారు కాబట్టి చెప్తున్నా. కాదు.

మా నాయన పుత్తూరు చుట్టుపక్కల ముప్పయ్యేళ్లు బేల్దారి పని చేశాడు. గుత్త పనిలో డబ్బు ఎలా తిరుగుతుందో ఇల్లు కట్టించుకునేవాళ్లు ఆలోచించరు. శనివారం వస్తే బటవాడా ఇచ్చి తీరాలి. ఓనరు ఇచ్చాడా లేదా అన్నది కూలివాడికి అనవసరం, వాడింట్లో పొయ్యి వెలగాలి. సెంట్రింగ్ చెక్కలకు బాడుగ, కాంక్రీటు కలిపే మిల్లరుకు బాడుగ, కడ్డీలు వంచేవాడికి వేరే కూలి. మీరిచ్చిన మూడు లక్షలు ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోయుంటాయి. మేస్త్రీకి మిగిలేదంతా ఆ చివరి 80,000లోనే ఉంటుంది. మీకది బాకీలో ఒక భాగం, ఆయనకది ఆ పని మీద వచ్చే సంపాదన మొత్తం.

మా నాయనకు నాలుగిళ్ల చివరి డబ్బులు రానేలేదు. ఒకాయన తలుపు గొళ్లెం పడటం లేదని ఆపాడు. ఆ తలుపు చేసింది ఆచారి, మా నాయన కాదు. ఇంకొకాయన గృహప్రవేశానికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి పంచె పెట్టాడు, డబ్బు పెట్టలేదు. పని జరిగేంతకాలం 'మేస్త్రీ గారు', డబ్బు అడిగిన రోజు నుంచి 'వాడు'.

పలమనేరు పద్మనాభం:

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ ఆయన ఇల్లు ఉరుస్తోంది కదా, దానికేం చెప్తావు? నేను బెంగళూరులో ఉంటాను, పలమనేరులో అమ్మానాన్నల ఇల్లు రిపేరు చేయించాను. ప్లంబరు పైపు బిగించి, డబ్బు మొత్తం తీసుకుని పోయాడు. పదిరోజులకు బాత్రూం గోడంతా చెమ్మ. ఫోన్ చేస్తే "వస్తానన్నా, వస్తానన్నా" అనేవాడు, తర్వాత ఎత్తడమే మానేశాడు. డబ్బు చేతిలో ఉన్నంతకాలమే మన మాట చెల్లుతుంది. అందుకే చివరి వాయిదా ఆపడం నూటికి నూరుపాళ్లు కరెక్టు.

మంగళం రోడ్డు గారూ, గేటు దగ్గర నిలబడుతున్నాడు అంటున్నారు కదా, పోలీసులకు చీటింగ్ కంప్లైంటు ఇవ్వండి. రెండ్రోజుల్లో దారికొస్తాడు.

చింతచెట్టు కింది వకీలు:

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు. పోలీసు సలహా చూసి రాయకుండా ఉండలేకపోయాను.

పని బాగా చేయకపోవడం మోసం కాదండీ. చీటింగ్ కావాలంటే మాట ఇచ్చిన రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. సుప్రీంకోర్టు హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో 2000లోనే ఈ సంగతి తేల్చింది, ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. నెలల తరబడి వచ్చి మిద్దె కట్టినవాడికి మొదటి రోజే దురుద్దేశం ఉందని ఎలా చూపిస్తారు? ఇదే మాట అటువైపూ వర్తిస్తుంది. డబ్బు ఆపిన ఓనరు మీద మేస్త్రీ చీటింగ్ కేసు పెట్టినా నిలవదు. స్టేషన్లో కూర్చోబెట్టి డబ్బు ఇప్పించడం పోలీసుల పని కాదు.

ఇక అసలు ప్రశ్న. కాగితం లేకపోతే ఒప్పందమే లేదనుకునేవాళ్లు చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా. తప్పు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 10వ సెక్షను ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. చిక్కంతా రుజువు దగ్గర. మీ విషయంలో అడుగుకు 400 అన్నది ఇద్దరూ ఒప్పుకుంటున్నారు, 3,00,000 ముట్టిందనీ ఒప్పుకుంటున్నారు. అక్కడికి సగం కేసు తేలిపోయినట్టే. మీ పాప నోటుబుక్కు జాగ్రత్త.

ఎక్‌స్ట్రా పనికి రేటు మాట్లాడుకోలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదా? అదీ కాదు. అదే చట్టంలో 70వ సెక్షను ఉంది. ఒకరు మరొకరికి ఊరికే చేసే ఉద్దేశం లేకుండా న్యాయంగా ఒక పని చేస్తే, అవతలివారు దాన్ని అనుభవిస్తే, తగిన ప్రతిఫలం ఇవ్వాలి. మీ సంపులో నీళ్లు వాడుకుంటూ సంపుకు డబ్బివ్వనంటే కుదరదు. 'తగినంత' ఎంత అన్నదే కొట్లాట.

ఆపడం గురించి: నాసిరకం పనివల్ల మీకు జరిగిన నష్టం మేరకు ఆపుకోవడానికి వాదన ఉంది. 73వ సెక్షను నష్టపరిహారం అంటుంది గానీ శిక్ష అనదు. మీ నష్టం మీ లెక్కలోనే 55,000. ఆపింది 1,45,000. మిగతా 90,000 ఏ ఖాతాలో ఆపారని జడ్జి అడిగితే ఏం చెప్తారు?

మంగళం రోడ్డు:

వకీలు గారూ, 55,000 ఆపి మిగతాది ఇచ్చేస్తే ఇక మళ్లీ నా ఇంటి ముఖం చూస్తాడా? పద్మనాభం గారు చెప్పిందే నా భయం. పైగా ఆ 55,000 ఒక మనిషి చెప్పిన అంచనా. రేపు పైన పగలగొట్టి చూస్తే లక్ష కావొచ్చు.

కొర్లగుంట కుట్టుమిషను:

నేను జాకెట్లు కుడతాను. ఈ డబ్బు ఆపే గోల మా దగ్గర ఉండదు, ఎందుకంటే గుడ్డ నా దగ్గరే ఉంటుంది. డబ్బిచ్చి తీసుకుపొమ్మంటాను. పెళ్లి జాకెట్టు అయితే ముహూర్తం ముందురోజు పరుగెత్తుకుంటూ వచ్చి ఇచ్చేస్తారు. కాకపోతే వాళ్ల గొడవలు వేరు. ఆరునెలల తర్వాత వచ్చి "బిగుతైంది అక్కా, నువ్వు కొలత తప్పు తీశావు" అంటారు. నేను కొలతలు రాసుకున్న చీటీ తీసి చూపిస్తాను, తేదీతో సహా. ఒళ్లు వచ్చింది అని మాత్రం అనను, గిరాకీ పోతుంది.

మేస్త్రీ మిద్దెను గుడ్డలాగా చంకలో పెట్టుకుని పోలేడు కదా. అందుకే గేటు దగ్గర నిలబడ్డాడు పాపం. వకీలు గారూ, నేను డబ్బివ్వందే గుడ్డ ఇవ్వనంటే చట్టం ఒప్పుకుంటుందా? ఎప్పట్నుంచో అడగాలని ఉంది.

చింతచెట్టు కింది వకీలు:

ఒప్పుకుంటుంది అమ్మా. అదే కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను. తన చెమట, నైపుణ్యం పెట్టి పనిచేసిన వస్తువును, కూలి చేతికొచ్చే దాకా పనివాడు తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ సెక్షను కింద ఉదాహరణల్లో ఒకటి దర్జీదే. ఒకతను కోటు కుట్టమని గుడ్డ ఇచ్చాడు. దర్జీ పని కాగానే కోటు ఇచ్చేస్తాననీ, డబ్బుకు మూడు నెలలు గడువిస్తాననీ మాటిచ్చాడు. అలా ముందే అరువు ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది. కాబట్టి "తర్వాత ఇద్దువులే అక్కా" అనేముందు ఆలోచించుకోండి.

ఇంకో తమాషా చూడండి. దొంగతనం అంటే ఏమిటో చెప్పే శిక్షాస్మృతి సెక్షను కింద గడియారం ఉదాహరణ ఉంది. రిపేరు డబ్బు ఇవ్వకుండా, రిపేరువాడు హక్కుగా పట్టుకున్న గడియారాన్ని సొంతదారే దురుద్దేశంతో ఎత్తుకుపోతే, సొంతదారు చేసింది దొంగతనమే. తన గడియారాన్ని తానే దొంగిలించడం! 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్నదే ఇప్పటి న్యాయ సంహితలోనూ వచ్చింది.

కానీ ఇది చేతిలో ఉన్న వస్తువుకే. బిగించేసిన తలుపును డబ్బు రాలేదని ఆచారి ఊడదీసుకుపోతే చట్టం ఆచారినే తప్పుపడుతుంది.

చంద్రగిరి ఆచారి:

ఊడదీసుకుపోవాలని ఎన్నిసార్లు అనిపించిందో వకీలు గారూ. ఒక్కసారి కూడా చేయలేదు.

ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి చెప్తాను. కాగితం ఎందుకు రాసుకోలేదు అని అందరూ అడుగుతారు, మేమేదో భయపడి తప్పించుకున్నట్టు. పని ఒప్పుకునేటప్పుడు నేను కాగితం తీస్తే ఎదుటివాళ్ల ముఖం ఎలా మారుతుందో చూశారా? "ఏం ఆచారీ, మా మీద నమ్మకం లేదా" అంటారు. ఆ మాట వచ్చిందంటే పని పోయినట్టే. అదే పెద్ద బిల్డరు పది పేజీల అగ్రిమెంటు ఇస్తే చదవకుండా సంతకం పెడతారు. పైగా ఓనరే కాగితం రాయించుకొస్తే అందులో అన్నీ మా తప్పులకే జరిమానాలు. ఆలస్యానికి రోజుకింత, పగిలితే ఇంత. కలప ఆయన సమయానికి తెప్పించకపోతే ఏమిటి? ఆ లైను ఉండదు.

మా పనిలో అసలు గొడవ ఎక్కడ పుడుతుందంటే, మధ్యలో మారే మనసు దగ్గర. వాకిలికి ముందు సాదా చట్రం అంటారు. సగం తోపుడు పట్టాక అల్లుడు ఫోన్లో ఒక ఫొటో చూపిస్తాడు, "ఇలా లక్ష్మీదేవి రావాలి ఆచారీ". వస్తుంది, చెక్కడానికి పన్నెండు రోజులు ఎక్కువ పడుతుంది. కూలి అడిగితే "ముందే మాట్లాడుకున్నాం కదా" అంటారు. ముందు మాట్లాడుకుంది సాదా చట్రానికి.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, మనసు మారినప్పుడల్లా వాట్సాప్‌లో వాయిస్ పెడతాను. "అన్నా, మీరు ఈరోజు లక్ష్మీదేవి బొమ్మ కావాలన్నారు, దీనికి కూలి ఇంకో 9,000 అవుతుంది, సరేనా?" వాళ్లు సరే అంటారు, లేదా బొటనవేలు బొమ్మ పెడతారు. కాగితం రాసుకోకపోయినా అది నా దగ్గర ఉంటుంది. నమ్మకం లేదా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కాగితమంటేనే కోపం, ఫోనంటే కోపం లేదు.

బేల్దారి కొడుకు:

ఆచారన్నా, దండం. మా నాయన కాలంలో ఇది లేకపోయె.

చింతచెట్టు కింది వకీలు:

ఆచారి గారు మా జూనియర్ల కంటే నయం. ఒక జాగ్రత్త చెప్తాను. ఆ ఫోను మార్చినా, ఆ చాట్ చెరిపినా పని చెడుతుంది. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం దానికి సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో 65బి అనేవాళ్లు, అదే దారి.

ఎక్కడ కేసు వేయాలో కూడా చెప్పేస్తాను. మంగళం రోడ్డు గారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టంలో 'సేవ' అనే మాటలో గృహనిర్మాణం కూడా ఉంది. రోజుకూలికి మనిషిని పెట్టుకుని మీరే నిలబడి చేయించుకుంటే వేరు, గుత్తకిస్తే వేరు. మీది గుత్త. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. పరీక్షలు అవసరం లేని కేసు మూడు నెలల్లో, పరీక్షలు కావాల్సినదైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆ గడువు కళ్లారా చూసే భాగ్యం నాకింకా కలగలేదు. ఇంకో మాట, ఆ పోర్షను అద్దెకివ్వడానికే కట్టి ఉంటే, అది వ్యాపారం కోసం అని అవతలివాళ్లు వాదన లేవదీయొచ్చు.

మేస్త్రీకి ఆ తలుపు లేదు. ఆయన వినియోగదారుడు కాడు. సివిల్ కోర్టుకే వెళ్లాలి, అడిగే సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. డబ్బు ఎప్పుడివ్వాలో మాట్లాడుకోని పనికి, పని ముగిసిన రోజు నుంచి మూడేళ్లు గడువు. ఒకే గొడవ. ఒకరికి ఫీజులేని గుమ్మం, ఇంకొకరికి ఫీజుతో కూడిన మెట్లు. చట్టం అలా ఉంది, ఏం చేస్తాం.

బేల్దారి కొడుకు:

అందుకే గేటు దగ్గర నిలబడ్డాడు.

రిటైర్డు ఏఈ:

అందరూ చట్టం మాట్లాడుతున్నారు, మిద్దె గురించి ఒక్కరూ అడగలేదు. మంగళం రోడ్డు గారూ, నాలుగు ప్రశ్నలు. స్లాబ్ ఏ నెలలో వేశారు? ఏ సిమెంటు? పైన మళ్లు కట్టి నీళ్లు నిలిపింది ఎన్ని రోజులు, పోసింది ఎవరు? ఉరుస్తున్నది ఒక్క మూలేనా, ఇంకెక్కడైనా ఉందా?

మంగళం రోడ్డు:

మే రెండో వారంలో సార్. పీపీసీ సిమెంటు. మళ్లు కట్టింది మేస్త్రీ మనుషులు. నీళ్లు పోసింది మేమే, పైపుతో. ఎనిమిది రోజులు పోశాం అనుకుంటా, మధ్యలో ఒకరోజు మోటారు కాలిపోయింది. ఉరిసేది ఆ ఒక్క మూలే.

రిటైర్డు ఏఈ:

కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 456. దాని ప్రకారం నీళ్లు పట్టాల్సింది మామూలు సిమెంటుకే కనీసం 7 రోజులు. పీపీసీ లాంటి, బూడిద కలిపిన సిమెంటుకు, అందులోనూ ఎండలు మండే రోజుల్లో, కనీసం 10, పోయగలిగితే 14. మే నెల తిరుపతి ఎండకు ఎనిమిది రోజులు తక్కువే. ఆ మేరకు మేస్త్రీ మాటలో నిజం ఉంది.

కానీ అక్కడితో ఆయన బయటపడడు. నీళ్లు చాలకపోతే స్లాబంతా సన్నటి వెంట్రుక పగుళ్లు రావాలి, ఒక్క మూలలో ఉరవడం కాదు. ఒకే మూలలో ఉరుస్తోందంటే నాకు మూడు అనుమానాలు: పైన వాలు తప్పి నీళ్లు అక్కడ నిలుస్తుండాలి, లేదా పిట్టగోడకూ స్లాబుకూ మధ్య అతుకు సరిగా పూయలేదు, లేదా తర్వాత ఎవరో పైపు కోసం బెజ్జం కొట్టారు. పిట్టగోడ ఎత్తు పెంచారన్నారు కదా, అతుకు చూడాలి.

దయచేసి ఆ వాటర్‌ప్రూఫింగ్ వాళ్లను ఇప్పుడు పిలవకండి. వాళ్లు పైనంతా రసాయనం పూసేస్తే కారణం కప్పబడిపోతుంది. అప్పుడు కమిషన్‌కు వెళ్లినా, కోర్టు కమిషనర్ వచ్చి చూసినా, చూడ్డానికేం మిగలదు. నీళ్లు పోయే గొట్టాలు మూసి, మడమ మునిగేంత కూడా అక్కర్లేదు, రెండు అంగుళాలు నీళ్లు నిలపండి. రెండు రోజులు చూడండి. ఆ రెండు రోజులూ మేస్త్రీని రమ్మనండి. మీకు తెలియని, ఆయనకూ చుట్టం కాని ఇంకో మేస్త్రీని పిలవండి. ఫొటోలు టేపు పక్కన పెట్టి తీయండి.

ఐరాల నుంచి:

మాది కాణిపాకం పక్క ఊరు. ఇన్ని సెక్షన్లు రాశారు, మా దగ్గర ఇవన్నీ ఒక్క మునకతో తేలిపోతాయి. స్వామి ముందు అబద్ధమాడే ధైర్యం ఎవరికుంటుంది? మేస్త్రీ ప్రమాణానికి సిద్ధపడ్డాడంటేనే ఆయన నిజం చెప్తున్నాడు. మంగళం రోడ్డు గారు ఎందుకు వెనకాడుతున్నారో ఆలోచించుకోవాలి.

మంగళం రోడ్డు:

వెనకాడటం కాదండీ. దేనిమీద ప్రమాణం చేయాలి? నేను నీళ్లు పోశానని చేయగలను. చాలినన్ని పోశానని ఎలా చేయగలను? ఏఈ సార్ చెప్పేదాకా చాలలేదని నాకే తెలియదు.

కొర్లగుంట కుట్టుమిషను:

అదీ మాట. మా ఇంట్లో కూడా ఒకసారి బంగారం లెక్క తేలక కాణిపాకం వెళ్లాం. దొంగ ఉన్నచోట ప్రమాణం పనికొస్తుంది. ఇక్కడ దొంగ లేడు. మేస్త్రీ వాలు సరిగ్గానే పెట్టాననుకుంటున్నాడు, ఈయన నీళ్లు సరిగ్గానే పోశాననుకుంటున్నాడు. ఇద్దరూ మునిగి నిజమే చెప్పి ఇంటికొస్తారు. మిద్దె ఉరుస్తూనే ఉంటుంది.

ఐరాల నుంచి:

స్వామిని ఎగతాళి చేయకండి అక్కా.

కొర్లగుంట కుట్టుమిషను:

ఎగతాళి కాదు నాయనా. నెలకోసారి వచ్చి దండం పెట్టుకునేదాన్నే.

పలమనేరు పద్మనాభం:

పోలీసు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ డబ్బు ఆపడం మీద నా మాట మారలేదు. బేల్దారి తమ్ముడు ఏమనుకున్నా సరే, ఆ డబ్బు చేతిలో లేకపోతే ఈ నీళ్ల పరీక్షకు మేస్త్రీ వస్తాడా?

బేల్దారి కొడుకు:

వస్తాడు. రోజూ గేటు దగ్గరికి వస్తున్నవాడు పైకి రాడా? పిలవలేదు కాబట్టి రాలేదు. అన్నా, ఒక్కటి అడుగుతా. మీ ప్లంబరు వెళ్లిపోయాడు, దాని కోపం ఈ మేస్త్రీ మీద చూపిస్తే ఎలా? డబ్బు ఆపితే మీరే జడ్జి. పని మధ్యలో వదిలేస్తే వాడే జడ్జి. ఎవరి చేతిలో ఏది ఉంటే వాళ్లు తీర్పు చెప్పేసుకుంటున్నారు. మా నాయన కూడా తక్కువవాడేం కాదు, ఒకింట్లో డబ్బు రాలేదని సంపు మూత వేయకుండా వచ్చేశాడు. అందులో వాళ్ల మేకపిల్ల పడింది. ఆ రోజు నుంచి అలా చేయలేదు.

చింతచెట్టు కింది వకీలు:

మేకపిల్ల బతికిందా?

బేల్దారి కొడుకు:

బతికింది సార్. పక్షం రోజుల్లో డబ్బూ ఇచ్చారు, మూతా వేశాడు.

చింతచెట్టు కింది వకీలు:

సంతోషం. ఏఈ గారు చెప్పింది చేయండి. ఆ తర్వాత కూడా తేలకపోతే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే అవతలివారికి నోటీసు పంపి పిలుస్తారు. ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు రాస్తారు. రాశాక అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. మేస్త్రీకి కూడా ఈ గుమ్మం తెరిచే ఉంది, అందుకే చెప్తున్నా.

మంగళం రోడ్డు (పన్నెండు రోజుల తర్వాత):

ఆలస్యానికి క్షమించండి. శుక్రవారం సాయంత్రం నీళ్లు నిలిపాం. మా మేస్త్రీ వచ్చాడు. రేణిగుంట నుంచి ఇంకో పెద్ద మేస్త్రీని పిలిచాం, రసమట్టం తెచ్చుకున్నాడు. శనివారం మధ్యాహ్నానికి మూల తడిసింది. చూస్తే రెండు తప్పులు. ఆ మూలకు వాలు లేదు, ముప్పావు అంగుళం పల్లం, నీళ్లు అక్కడే నిలుస్తున్నాయి. అది మా మేస్త్రీది, చూడగానే ఒప్పుకున్నాడు. ఉరుస్తున్న చోటు మాత్రం సోలార్ హీటరు పైపు కోసం కొట్టిన బెజ్జం. దాన్ని కొట్టించింది నేను. ప్లంబరు దాని చుట్టూ సిమెంటు కూడా సరిగా పెట్టలేదు. ఆ పైపు కిందే నిలబడి ఆరునెలలుగా మేస్త్రీని తిట్టుకున్నాను.

ఎక్‌స్ట్రా పని కూడా అక్కడే టేపు పట్టి కొలిచాం. పిట్టగోడ 18,000, సంపు 23,000 అని తేలింది, ఇద్దరం ఒప్పుకున్నాం. పాత బాకీతో కలిపి 1,21,000. ఆ రోజే 90,000 ఇచ్చాను. ఆ మూల వాలు మళ్లీ వేసి, నీళ్లు నిలిపి చూశాక 31,000. వాలుకు సామాను నాది, కూలి ఆయనది. ఇదంతా ఆచారి గారు చెప్పినట్టు వాయిస్‌లో చెప్పుకున్నాం. నా వాయిస్ నిమిషంన్నర వచ్చింది, ఆయనది "సరే సార్" అని రెండు సెకన్లు.

మెట్ల 15,000 మాత్రం తేలలేదు.

బేల్దారి కొడుకు:

అదీ ఇచ్చేయండి సార్.

మంగళం రోడ్డు:

ఒక్కో మెట్టు తొమ్మిది అంగుళాల ఎత్తు తమ్ముడూ. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇంతవరకు పైకొచ్చి ఇల్లే చూడలేదు.

రిటైర్డు ఏఈ:

ఇళ్లలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్. ఏడున్నర అంగుళాలు. తొమ్మిది చాలా ఎక్కువ.

బేల్దారి కొడుకు:

సరే సార్, మెట్లకు స్థలం ఎంత ఇచ్చారు?

మంగళం రోడ్డు:

కాంపౌండు దాకా ఎనిమిది అడుగులు ఉంటుందేమో.

బేల్దారి కొడుకు:

కింది నుంచి పై అంతస్తుకు ఎత్తు పదడుగులు అనుకుందాం. ఏడంగుళాల చొప్పున పదిహేడు మెట్లు. పాదం పెట్టడానికి పది అంగుళాలైనా ఉండాలి కదా, పదమూడు అడుగులు పైనే కావాలి. ఎనిమిదడుగుల్లో ఎక్కడ పడతాయి? మలుపు తిప్పమని చెప్పాడా మేస్త్రీ, చెప్పలేదా? ముందు అదడగండి.

మంగళం రోడ్డు:

చెప్పాడు. తులసికోట అడ్డం వస్తుందని మేమే వద్దన్నాం. ఉండండి, రేపు పొద్దున ఆరున్నరకు ఆయన వస్తాడు, టేపు పట్టి చూసి చెప్తా.